స్కాలర్‌షిప్ ఇవ్వని కాలేజీకి బాస్కెట్‌బాల్ కోసం పంపాలా?

ప్రశ్న: అక్కా, మేము టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు లెవెన్త్ గ్రేడ్, హైస్కూల్ వార్సిటీ టీమ్‌లో పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించేవాడు), ఎత్తు ఆరడుగులు, జీపీఏ 3.8, ఎస్ఏటీ 1450. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌కి సరిపోడని వాళ్ళ కోచే చెప్పారు, డివిజన్ త్రీ కాలేజీలకు ప్రయత్నించమన్నారు. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వరట. మావారేమో "డబ్బివ్వని ఆట కోసం, పేరు కూడా వినని కాలేజీకి ఏడాదికి 80 వేల డాలర్లు కట్టాలా? యూటీ డాలస్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుకోమను, ఆట కావాలంటే అక్కడే ఆడుకుంటాడు" అంటున్నారు. సంక్రాంతి రోజు కూడా ఇంట్లో ఇదే గొడవ. రెండు కాలేజీల నుంచి క్యాంపుకి రమ్మని ఈమెయిల్స్ వచ్చాయి, వాడు సెలెక్ట్ అయిపోయినంత సంబరంలో ఉన్నాడు. ఒక రిక్రూటింగ్ కంపెనీ వాళ్ళు 3,000 డాలర్లు కడితే అన్నీ మేమే చూసుకుంటాం అంటున్నారు. మేమింకా హెచ్-1బీ వర్క్ వీసా మీదే ఉన్నాం, గ్రీన్ కార్డ్ లైన్లో. బాబు హెచ్-4 (డిపెండెంట్ వీసా). ఏం చేయమంటారు?

సమాధానం:

చెల్లీ, ముందు ఆ క్యాంపు ఈమెయిల్స్ సంగతి చెప్పేస్తాను, బాబు ఆశంతా దాని మీదే ఉంది కాబట్టి. అవి సెలక్షన్ కాదు. కాలేజీ కోచ్‌లు వాళ్ళ జిమ్‌లో క్యాంపులు పెట్టుకుంటారు, దానికి ఫీజు ఉంటుంది, కాబట్టి ఆ ఈమెయిల్ వందల మంది పిల్లలకు ఒకేసారి వెళ్తుంది. బాబు ఆటను నిజంగా చూసిన కోచ్ రాసేది వేరేగా ఉంటుంది. ఫలానా మ్యాచ్‌లో థర్డ్ క్వార్టర్‌లో నువ్వు డిఫెన్స్ ఎలా ఆడావో చూశాను అని రాస్తాడు, తన ఫోన్ నంబర్ ఇస్తాడు, మీ స్కూల్ కోచ్‌కి కూడా ఫోన్ చేస్తాడు. పేరు తీసేసి పక్కింటి అబ్బాయి పేరు పెట్టినా సరిపోయే ఈమెయిల్ అయితే అది ప్రకటనే అనుకోండి. అలాగని క్యాంపులన్నీ దండగ అనను. ముందు కోచ్‌తో మాటలు మొదలై, ఆయన వీడియో చూసి, "నిన్ను ఒకసారి నా కళ్ళతో చూడాలి" అన్నాక వెళ్ళే క్యాంపు చాలా పనికొస్తుంది. ఆ మాటలేమీ లేకుండా ముందే వెళ్తే మాత్రం డబ్బు పోయి టీషర్ట్ మిగులుతుంది.

ఆ 3,000 డాలర్ల కంపెనీకి ఒక్క డాలర్ కూడా కట్టకండి. వాళ్ళు చేసేదల్లా ఒక ప్రొఫైల్ తయారుచేసి, కోచ్‌లందరికీ ఒకే ఈమెయిల్ పంపడం. కోచ్‌లకు అలాంటివి రోజూ కుప్పలుగా వస్తాయి. ప్రతి కాలేజీ టీమ్ వెబ్‌సైట్‌లోనూ రిక్రూట్ల కోసం ఒక ఫారం ఉంటుంది, కోచ్ ఈమెయిల్ అడ్రస్ కూడా అక్కడే ఉంటుంది. బాబు ఒక ఆదివారం కూర్చుంటే పది కాలేజీలకు పైసా ఖర్చు లేకుండా నింపుతాడు.

ఇక మీవారి మాట. ఆయన అన్నదాంట్లో సగం న్యాయం ఉంది, ఆ సగాన్ని గౌరవించకుండా ఈ విషయం తేలదు. 80 వేల డాలర్లు అనేది నిజమైన అంకె, కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టలు, భోజనం కలిపి 90 వేలు కూడా దాటుతోంది. ఆట కోసమే అయితే అది ఎవరూ కట్టకూడదు, నేనూ కట్టమనను. కానీ మిగతా సగంలో ఒక పొరపాటు ఉంది. స్కాలర్‌షిప్ ఇవ్వని కాలేజీ అంటే డబ్బు సహాయం చేయని కాలేజీ అని ఆయన అనుకుంటున్నారు. ఆ రెండూ వేర్వేరు.

డివిజన్ త్రీలో 400కు పైగా కాలేజీలు ఉన్నాయి, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మూడు డివిజన్లలో సంఖ్యలో అదే పెద్దది. అక్కడి నియమం ఏమిటంటే, విద్యార్థికి ఇచ్చే ఆర్థిక సహాయంలో అతని ఆటను లెక్కలోకి తీసుకోకూడదు. కాలేజీలు ఏటా తమ ఆటగాళ్ళకు ఇచ్చిన సహాయం వివరాలు ఎన్‌సీఏఏకి పంపాలి, మిగతా విద్యార్థుల కన్నా ఆటగాళ్ళకు ఎక్కువ ముడుతోందా అని చూస్తారు. అంటే కోచ్ చేతిలో డబ్బు ఉండదు. డబ్బు ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు దగ్గర ఉంటుంది, సీటు అడ్మిషన్స్ ఆఫీసు దగ్గర ఉంటుంది, కోచ్ దగ్గర ఉండేవి రెండే: ఆడే నిమిషాలు, అడ్మిషన్స్ వాళ్ళకు చెప్పగల ఒక మాట. ఏ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియకే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. డబ్బు గురించి కోచ్‌ని అడుగుతారు, ఆయన "అదంతా బాగానే ఉంటుంది, కంగారు పడకండి" అంటాడు, ఏప్రిల్‌లో సహాయం ఎంతో చెప్పే కాగితం వచ్చాక ఇంట్లో అందరూ తలపట్టుకుంటారు. ఆయన అబద్ధం చెప్పాడని కాదు, అది ఆయన చేతిలో ఉన్న విషయం కాదు.

ఎన్‌సీఏఏ చెప్పే లెక్క ప్రకారం డివిజన్ త్రీ ఆటగాళ్ళలో ఐదుగురిలో నలుగురికి ఏదో ఒక రూపంలో సహాయం అందుతుంది, మార్కులను బట్టో కుటుంబ ఆదాయాన్ని బట్టో. ఇందులో మీకు ఒక మంచి సంగతి దాగి ఉంది, మీవారికి ఇది తప్పకుండా చెప్పండి. ఆటకు ముడిపెట్టని డబ్బు ఆట ఆగిపోయినా ఆగదు. రెండో ఏట మోకాలు దెబ్బతిన్నా, కోచ్ మారినా, బాబుకే ఇక చాలనిపించి చదువు మీద కూర్చుంటానన్నా, మార్కులు నిలబెట్టుకున్నంత కాలం ఆ సహాయం వస్తూనే ఉంటుంది. ఆట స్కాలర్‌షిప్ మీద వెళ్ళిన పిల్లాడికి ఆ ధైర్యం ఉండదు. నాకు తెలిసిన ఒక అమ్మాయి డివిజన్ టూ స్కాలర్‌షిప్ మీద వెళ్ళి, ఆట మీద ఇష్టం పోయినా ఫీజు కోసం ఇంకో రెండేళ్ళు ఏడుస్తూ ఆడింది. అందుకే ఇది ఊరికే ఓదార్పుకి చెప్పడం లేదు.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. మీది హెచ్-1బీ కాబట్టి కొన్ని విషయాలు మీ స్నేహితుల పిల్లలకు వర్తించినట్టు మీకు వర్తించవు. హెచ్-4 మీద ఉన్న పిల్లాడికి ఫాఫ్సా అనే ప్రభుత్వ దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సహాయం రాదు, పెల్ గ్రాంట్ రాదు, ఫెడరల్ లోన్ రాదు, వర్క్-స్టడీ కూడా ఉండదు. కాలేజీ తన సొంత నిధి నుంచి ఇచ్చేది మాత్రం రావచ్చు, దానికి కొన్ని కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక వివరాల ఫారం అడుగుతాయి. కొన్నిచోట్ల హెచ్-4 పిల్లాణ్ణి అంతర్జాతీయ విద్యార్థిగా లెక్కేస్తారు, అలాంటి చోట్ల సహాయం అడగడమే అడ్మిషన్‌కి అడ్డం పడవచ్చు. ఎంఐటీ, యామ్‌హర్స్ట్, బోడన్ లాంటి కొద్ది కాలేజీలు మాత్రం ఏ దేశం పిల్లలకైనా ఆదాయం చూడకుండా అడ్మిషన్ ఇచ్చి, తర్వాత అవసరమైనంత సహాయం చేస్తాయి, ఈ మూడూ డివిజన్ త్రీలోనే ఆడతాయి. కానీ వాటిలో సీటు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. మీ లిస్టులో ఉన్న ప్రతి కాలేజీకీ ఒక చిన్న ఈమెయిల్ రాయండి: మా అబ్బాయి హెచ్-4, ఇక్కడే హైస్కూల్ చదివాడు, మీరు సహాయం విషయంలో వాణ్ణి ఏ వరసలో లెక్కేస్తారు, మెరిట్ ఎయిడ్‌కి అర్హుడా, 21 నిండి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారితే ఆ సహాయం కొనసాగుతుందా? ఆ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. 21 ఏళ్ళు నిండాక హెచ్-4 ఉండదు, అది సరిగ్గా కాలేజీ మధ్యలో వస్తుంది. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వీసా సంగతి మీ లాయర్‌తోనూ ఒకసారి మాట్లాడండి.

ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయం, మార్కులను బట్టి ఇచ్చే సహాయం, ఈ తేడా కూడా పట్టుకోండి. మన ఇళ్ళలో ఇద్దరూ ఐటీ ఉద్యోగాలైతే కాగితం మీద ఆదాయం బాగానే కనిపిస్తుంది, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపే డబ్బు, అక్కడి అప్పులు ఇక్కడి ఫారంలో ఎవరూ పట్టించుకోరు. విలియమ్స్, యామ్‌హర్స్ట్ లాంటి పెద్ద పేరున్న చిన్న కాలేజీలు ఆదాయాన్ని బట్టే ఇస్తాయి, మార్కులకు ఇవ్వవు. కాబట్టి మీలాంటి ఆదాయం ఉన్న ఇంటికి అవి పూర్తి ధర దగ్గరే ఆగవచ్చు. అదే శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ యూనివర్సిటీ, మీకు దగ్గర్లో షెర్మన్‌లో ఉన్న ఆస్టిన్ కాలేజీ లాంటివి మార్కులకు కూడా ఇస్తాయి. బాబు జీపీఏ, ఎస్ఏటీ అలాంటి చోట్ల నిజంగా డబ్బు అవుతాయి. మీరు వెతుకుతున్న స్కాలర్‌షిప్ వాడి ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) ఉంది, ఎస్ఏటీ ఇంకో 50 పాయింట్లు పెరిగితే అది ఏ టోర్నమెంట్ ట్రోఫీ కన్నా ఎక్కువ పని చేస్తుంది. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లోనూ సహాయం పోగా మీరు కట్టాల్సింది ఎంతో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి అది చట్టం. ఈ శనివారం మీరు, మీవారు కలిసి ఒక ఆరు కాలేజీలకు దాన్ని నింపి చూడండి, అది పౌరులను దృష్టిలో పెట్టుకుని లెక్క కడుతుందని గుర్తుంచుకోండి. గొడవ పడాలన్నా చేతిలో అంకెలు ఉంటే అది వేరేగా సాగుతుంది.

ప్రైవేటు కాలేజీలే అనుకోకండి, డివిజన్ త్రీలో ప్రభుత్వ కాలేజీలూ ఉన్నాయి. మా న్యూజెర్సీలో టీసీఎన్‌జే, రోవన్ ఉన్నాయి, న్యూయార్క్‌లో సనీ (స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లు చాలా ఉన్నాయి, వర్జీనియాలో క్రిస్టఫర్ న్యూపోర్ట్ 2023లో జాతీయ ఛాంపియన్, విస్కాన్సిన్ రాష్ట్ర క్యాంపస్‌లు దశాబ్దాలుగా బలమైన జట్లు. బయటి రాష్ట్రం ఫీజు కట్టినా కొన్ని ప్రైవేటు కాలేజీల కన్నా తక్కువే పడుతుంది. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కావాలంటే కార్నెగీ మెలన్, కేస్ వెస్టర్న్, ఆర్‌పీఐ, డబ్ల్యూపీఐ, స్టీవెన్స్, రోజ్-హల్మన్, ఆర్‌ఐటీ, ఇవన్నీ బాస్కెట్‌బాల్ డివిజన్ త్రీలో ఆడేవే. "పేరు కూడా వినని కాలేజీ" అన్న మీవారికి ఈ పేర్లు చదివి వినిపించండి. రోజ్-హల్మన్ అనే పేరు మన వాట్సాప్ గ్రూపుల్లో వినిపించదు గానీ ఇంజనీరింగ్ కంపెనీల వాళ్ళకు బాగా తెలుసు.

యూటీ డాలస్ గురించి ఒక మాట. ఆ టీమ్ మొన్నటిదాకా డివిజన్ త్రీలోనే ఉండేది, 2025లో డివిజన్ టూ వైపు వెళ్ళింది. డివిజన్ టూలో కోచ్ చేతిలో కొన్ని స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, వాటి కోసం డివిజన్ వన్ నుంచి దిగివచ్చే పిల్లలు ఉంటారు, కాబట్టి "ఆట కావాలంటే అక్కడే ఆడుకుంటాడు" అనేది అంత తేలిక కాదు. ఐవీ లీగ్ ఎనిమిది కాలేజీలూ ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవని కొందరు అటు చూస్తారు, కానీ అవి ఆడేది డివిజన్ వన్‌లో.

ఆట స్థాయి తక్కువేమో అన్న అనుమానం మీకు ఉండవచ్చు. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు ఈ దేశంలో 5 లక్షల పైనే, వాళ్ళలో ఎన్‌సీఏఏ ఏ డివిజన్‌లోనైనా ఆడగలిగేది నూటికి ముగ్గురో నలుగురో. డంకన్ రాబిన్సన్ మొదటి ఏడాది విలియమ్స్‌లో ఆడాడు, 2014లో ఆ టీమ్ డివిజన్ త్రీ ఫైనల్‌కి వెళ్ళింది, తర్వాత మిషిగన్‌కి మారి ఎన్‌బీఏ దాకా చేరాడు. గ్రెగ్ పాపోవిచ్ ఎన్‌బీఏ టీమ్ స్పర్స్‌కి రాకముందు పొమోనా-పిట్జర్ అనే డివిజన్ త్రీ టీమ్‌కి కోచ్, మొదటి సీజన్‌లో 2 గెలిచి 22 ఓడారు. మీ బాబు ఎన్‌బీఏకి వెళ్తాడని ఈ మాట చెప్పడం లేదు. ఇదేదో కాలక్షేపం ఆట అనుకుని వెళ్తే మొదటి వారం ప్రాక్టీస్‌లోనే కళ్ళు తిరుగుతాయి, 20 ఏళ్ళు దాటిన, బరువులెత్తి రాటుదేలిన ఆటగాళ్ళు గుద్దుకుంటుంటే ఆరడుగుల హైస్కూల్ గార్డ్ నేల మీద ఉంటాడు. ఇప్పటినుంచే వెయిట్స్ మొదలుపెట్టమనండి. సన్నగా ఉండటం మన పిల్లల్లో చాలామందికి ఉన్న ఇబ్బంది, పప్పన్నం, పెరుగన్నం తప్ప మరోటి తినని పిల్లాడైతే గుడ్లో, మాంసమో, శాకాహారి అయితే పనీరో, మరేదైనా ప్రొటీనో గట్టిగా పెట్టండి.

ఇప్పుడు పని సంగతి. కోచ్‌లకు ఈమెయిల్స్ బాబు రాయాలి, మీరు కాదు. మా అబ్బాయి విషయంలో నేను చేసిన మొదటి తప్పు అదే, చక్కటి ఇంగ్లీషులో నేనే రాసి వాడి పేరుతో పంపాను. ఒక కోచ్ ఫోన్ చేసి ఆ ఈమెయిల్లో రాసిన ఒక విషయం అడిగితే వాడికి తెలియదు. ఆ కాలేజీ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. నాకు ఇప్పటికీ గుర్తొస్తే బాధే. సబ్జెక్ట్ లైన్లోనే పేరు, హైస్కూల్ పూర్తయ్యే ఏడాది, పాయింట్ గార్డ్, ఎత్తు, జీపీఏ, ఊరు రాయమనండి. లోపల అయిదారు వాక్యాలు చాలు. ఆ కాలేజీ ఎందుకు కావాలో, అక్కడ ఏం చదవాలనుకుంటున్నాడో ఒక నిజమైన వాక్యం ఉండాలి. వీడియో లింకు, రాబోయే మ్యాచ్‌ల తేదీలు, స్కూల్ కోచ్ ఫోన్ నంబర్ పెట్టాలి. ఎత్తు బూట్లు విప్పి కొలిచిందే రాయాలి, ఒక అంగుళం కలిపితే కోచ్ కలిసిన రోజు మిగతావన్నీ కూడా అనుమానంగా చూస్తాడు.

వీడియో మూడు నాలుగు నిమిషాలు మించకూడదు, మొదటి 30 సెకన్లలోనే మంచి ఆట ఉండాలి, పాట పెట్టకండి, ఏ జెర్సీ నంబరో ముందే చూపించండి. అందరూ మూడు పాయింట్ల షాట్లే పెడతారు. పాయింట్ గార్డ్‌ని చూసే కోచ్‌కి కావలసింది వేరు: ఎదుటి టీమ్ ప్రెస్ వేసి మీద పడినప్పుడు బంతి ఎలా కాపాడుకున్నాడు, పాస్ పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తాడా, బెంచ్ మీద కూర్చున్నప్పుడు ఎలా ఉన్నాడు. అందుకే హైలైట్స్‌తో పాటు ఒక పూర్తి మ్యాచ్ లింకు తప్పనిసరిగా పెట్టండి, బాగా ఆడిన ఒకటి, గట్టి టీమ్ మీద ఓడిన ఒకటి పెడితే ఇంకా మంచిది. నిజంగా ఆసక్తి ఉన్న కోచ్ పూర్తి మ్యాచే చూస్తాడు.

డివిజన్ త్రీలో కోచ్‌లు ఈమెయిల్, ఫోన్ ఎప్పుడైనా చేయవచ్చు, వాటికి డివిజన్ వన్‌లో ఉన్నన్ని కట్టుబాట్లు లేవు. లెవెన్త్ గ్రేడ్ జనవరి 1 నుంచి అఫీషియల్ విజిట్‌కి కూడా పిలవవచ్చు, అంటే కాలేజీ ఖర్చుతో 48 గంటల లోపు ఉండి రావడం. మీ బాబుకి ఆ గడువు ఇప్పుడే మొదలైంది, ఏమీ ఆలస్యం కాలేదు. చాలా చోట్ల గార్డ్‌ల లిస్టు ఈ వసంతం నుంచి వచ్చే శరదృతువు దాకా తయారవుతుంది, కాబట్టి ఫిబ్రవరి నెలాఖరుకి ఒక 25 కాలేజీలకు బాబు రాసి ఉండాలి. సగం మంది జవాబివ్వరు. రెండు వారాలయ్యాక కొత్త వీడియోతో మళ్ళీ రాయాలి. వాడు బాధపడతాడు, పడనివ్వండి, పక్కన ఉండండి చాలు.

నేను ఎక్కువ చెప్పాల్సింది కోచ్ మాటల్ని అర్థం చేసుకోవడం గురించి. మా వాడి విషయంలో ఈశాన్యంలోని ఒక కాలేజీ కోచ్ వేసవంతా ఎంతో ప్రేమగా మాట్లాడాడు. "నీ ఆట మాకు చాలా నచ్చింది, నువ్విక్కడ చక్కగా కుదురుతావు" అన్నాడు. జులైలో క్యాంపస్ చూసొచ్చాం, జిమ్‌లో వాడి పేరున్న జెర్సీతో ఫొటో తీశారు, నేను మా అమ్మకి విజయవాడకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. మేము అడగనిది ఒక్కటే, అడ్మిషన్స్‌కి వాడి పేరు పంపారా అని. అక్టోబర్ మధ్యలో తెలిసింది, ఆయన లిస్టులో ముందున్న ఇద్దరు గార్డ్‌లు ఒప్పుకున్నారట, "నువ్వు అప్లై చేసుకో, సీటొస్తే టీమ్‌లో చూద్దాం" అన్నాడు. అప్పటికే మిగతా కోచ్‌లకు మేము వద్దని చెప్పేసి ఉన్నాం. వాడు పది రోజులు సరిగా అన్నం తినలేదు. తర్వాత ఇంకో కాలేజీ దొరికింది, అక్కడే నాలుగేళ్ళూ ఆడాడు, మొదటి రెండేళ్ళు ఎక్కువగా బెంచ్ మీదే. కానీ ఆ అక్టోబర్ మాకు అక్కర్లేదు, మీకూ అక్కర్లేదు.

కాబట్టి మాటలు రెండు నెలలు నడిచాక బాబు తన నోటితో, మర్యాదగా, సూటిగా అడగాలి: "కోచ్, నా పొజిషన్‌లో ఈ ఏడాది ఎంతమందిని తీసుకుంటున్నారు, ఆ వరసలో నేనెక్కడున్నాను? నా ట్రాన్స్‌క్రిప్ట్ అడ్మిషన్స్‌తో ప్రీ-రీడ్ చేయిస్తారా? అడ్మిషన్స్‌లో నాకు మీ పూర్తి మద్దతు ఉంటుందా?" ప్రీ-రీడ్ అంటే లెవెన్త్ గ్రేడ్ మార్కులు వచ్చాక, వేసవిలో, అప్లికేషన్ కన్నా ముందే అడ్మిషన్స్ వాళ్ళు ఆ కాగితాలు చూసి ఈ అబ్బాయికి అవకాశం ఉందో లేదో కోచ్‌కి చెప్పడం. కొన్ని కాలేజీలు ఆర్థిక సహాయానికి కూడా ముందస్తు అంచనా ఇస్తాయి, తప్పకుండా అడగండి. అన్నిచోట్లా ఈ పద్ధతి ఒకేలా ఉండదు, ఎంఐటీ, క్యాల్‌టెక్ లాంటి చోట్ల కోచ్ మాటకు ఉండే బరువు చాలా తక్కువ. జవాబు "అవును" అని స్పష్టంగా వస్తే మంచిది, "నువ్వు మాకు మూడో వాడివి" అన్నా మంచిదే, నిజం చెప్పాడు. నచ్చుతావు, కుదురుతావు అంటూ చుట్టూ తిరిగే మాటలు వస్తే అది "ఇంకెవరూ దొరక్కపోతే నువ్వు" అని. ఆ కోచ్‌తో మర్యాదగా మాట్లాడుతూనే ఉండాలి, కానీ వేరే తలుపులు మూయకూడదు.

ఇంకొకటి, డివిజన్ త్రీలో ఆటగాణ్ణీ కాలేజీనీ కట్టిపడేసే కాగితం లేదు. సీటొచ్చాక సంతకం పెట్టి ఫొటో దిగే ఫారం ఒకటుంది, అది ఆనందం కోసమే, ఎవరినీ కట్టిపడేయదు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా కట్టుబడి ఉండాల్సింది ఎర్లీ డెసిషన్ ఒక్కటే, అది కట్టిపడేసేది మీ కుటుంబాన్ని, కోచ్‌ని కాదు. నవంబర్ మొదట్లోనో మధ్యలోనో అప్లై చేస్తే డిసెంబర్‌లో ఫలితం వస్తుంది, సీటొస్తే చేరాల్సిందే. కోచ్‌లు మద్దతు ఇస్తాం గానీ ఎర్లీ డెసిషన్ వేయమంటారు, అది సహజమే, వాళ్ళకు లిస్టు ఖాయం కావాలి. మీరు మాత్రం డబ్బు లెక్క తేలకుండా వేయకండి. ఇచ్చిన సహాయం సరిపోకపోతే దాని నుంచి బయటికి రావచ్చు, కానీ అప్పటికి మిగతా టీమ్‌ల్లో చోటు అయిపోతుంది.

ఏ కాలేజీకీ అవుననే ముందు బాబుతో ఒక పని చేయించండి, గంట కూడా పట్టదు. ఆ టీమ్ వెబ్‌సైట్‌లో పాత సీజన్ల రోస్టర్లు (ఆటగాళ్ళ జాబితాలు) ఉంటాయి. నాలుగేళ్ళ కిందటి రోస్టర్ తీసి అందులో ఫ్రెష్‌మన్‌లు (మొదటి ఏడాది పిల్లలు) ఎంతమందో లెక్కపెట్టమనండి, వాళ్ళలో ఎంతమంది నాలుగో ఏట కూడా పేరు నిలబెట్టుకున్నారో చూడమనండి. స్కాలర్‌షిప్ ఖర్చు లేదు కాబట్టి కొందరు కోచ్‌లు ఏటా ఎనిమిది, పది మంది ఫ్రెష్‌మన్‌లను తీసుకొస్తారు, రెండో ఏటికి ముగ్గురు మిగులుతారు. ఇంకొన్ని టీమ్‌ల్లో నలుగురు వస్తే నలుగురూ చివరిదాకా ఉంటారు. ఏ కోచ్ మనసు ఎలాంటిదో ఆ రోస్టర్లే చెప్తాయి. విజిట్‌కి వెళ్ళినప్పుడు బాబు ఒక రాత్రి టీమ్ పిల్లలతో ఉండాలి, మీరు హోటల్లో ఉండండి. ప్రాక్టీస్ చూసే వీలుంటే స్టార్ ఆటగాణ్ణి కాదు, చివరి వరసలో నిలబడ్డ పిల్లాడితో కోచ్ ఎలా మాట్లాడుతున్నాడో చూడమనండి, మొదటి ఏడాది మీ బాబు నిలబడేది అక్కడే.

చదువు పాడవుతుందా అని మీవారు అడుగుతారు. అక్టోబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా దాదాపు రోజూ ప్రాక్టీస్ ఉంటుంది, సీజన్‌లో 25 దాకా మ్యాచ్‌లు. ఎన్‌వైయూ, ఎమరీ, షికాగో, కార్నెగీ మెలన్ ఉన్న లీగ్‌లో వారాంతాల్లో విమానాల్లో తిరుగుతారు, మామూలు చిన్న కాలేజీల్లో బస్సు ప్రయాణాలు. చదువుకునే పిల్లాడికి ఇది కుదురుతుంది, మా వాడి మార్కులు సీజన్ ఉన్న సెమిస్టర్‌లోనే బాగుండేవి, ఖాళీ సమయం లేకపోవడం వాడికి మంచే చేసింది. కానీ సైన్స్ ల్యాబులు సాయంత్రం ప్రాక్టీస్‌తో ఢీకొంటే ఏం చేస్తారని ఆ టీమ్‌లోనే కంప్యూటర్ సైన్సో ఇంజనీరింగో చదివే ఆటగాణ్ణి అడగాలి, అలాంటివాడు టీమ్‌లో ఒక్కడూ లేకపోతే అదే మీకు జవాబు. ఇంకో విషయం మన ఇళ్ళకే ప్రత్యేకం. క్రిస్మస్ అయిన వెంటనే టీమ్ మళ్ళీ క్యాంపస్‌కి వచ్చేస్తుంది, కాబట్టి నాలుగేళ్ళు డిసెంబర్‌లో కుటుంబమంతా ఇండియా వెళ్ళడం కుదరదు. మా అత్తగారు మనవణ్ణి చూడకుండా మూడు సంక్రాంతులు గడిపారు. ఇది చిన్న విషయం అనిపించవచ్చు, మాకు అనిపించలేదు, ముందే పెద్దవాళ్ళకు చెప్పుకోండి.

మీవారితో వాదన ఆపి ఒక పని చేయండి. ఇప్పుడు సీజన్ నడుస్తోంది, ఫిబ్రవరి దాకా ఉంటుంది. షెర్మన్ మీకు గంట లోపే, ఆస్టిన్ కాలేజీ సొంత జిమ్‌లో ఆడే ఒక శనివారం చూసుకుని ముగ్గురూ వెళ్ళండి. మీవారిని ముందు వరసల్లోనే కూర్చోబెట్టండి. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్ళ తల్లిదండ్రులు అక్కడే నిలబడి పిల్లల కోసం ఎదురుచూస్తుంటారు, వాళ్ళను పలకరించి డబ్బు ఎలా సర్దుకున్నారు, పిల్లాడు ఏం చదువుతున్నాడు అని ఆయన్నే అడగమనండి. ఆ మాటలు నేను చెప్పేదాని కన్నా ఆయనకు బాగా ఎక్కుతాయి. వెళ్ళొచ్చాక ఆ ఆరు కాలేజీల లెక్కలు, హెచ్-4 గురించి వాళ్ళిచ్చిన జవాబులు నాకు రాయండి, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో కలిసి చూద్దాం.